పాత తూటా అచ్చు ఎవరు చేసిందో పిడి చెప్పదు, దిమ్మ చెబుతుంది

అమెరికాలో వేట, గురిపందేల అలవాటున్న కుటుంబాలు ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్మకానికి పెట్టినప్పుడు రెంచీలు, ఆకురాళ్లు, తుప్పుపట్టిన సుత్తుల మధ్య ఒక పనిముట్టు తరచుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే పెద్ద పటకారులా ఉంటుంది. రెండు కర్ర పిడులు, వాటి చివర రెండు ఇనుప దిమ్మలు, దిమ్మల నెత్తిన ఒక మర చుట్టూ పక్కకు తిరిగే పలక ఉంటాయి. పిడులు విడదీస్తే దిమ్మలు తెరుచుకుని, లోపలి ముఖాల మీద సగం సగంగా తొలిచిన తూటా ఆకారం బయటపడుతుంది. కరిగిన సీసం పోసి తుపాకీ తూటాలు తయారు చేసుకునే అచ్చు ఇది. వాడేవాళ్లు బుల్లెట్ మోల్డ్ అంటారు. చేతులు మారుతూ వచ్చిన ఇలాంటి అచ్చుకు డబ్బా ఉండదు, కాగితాలు ఉండవు, దాన్ని వాడిన మనిషి కూడా చాలాసార్లు బతికి ఉండడు. దాన్ని ఎవరు తయారు చేశారన్న ప్రశ్నకు జవాబు ఆ ఇనుము మీదనే వెతుక్కోవాలి.

ఈ ప్రశ్న సేకరణకర్తల సరదాకు మాత్రమే సంబంధించినది కాదు. తయారీదారు తెలిస్తేనే దిమ్మ మీద ఉన్న అంకెలకు అర్థం తెలుస్తుంది, ఏ పిడి సరిపోతుందో తేలుతుంది, విరిగిన పలకకు బదులు దొరుకుతుందో లేదో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దిమ్మల్లో తొలిచిన ఆ గూడులోంచి వచ్చే తూటా ఏ తుపాకీని ఉద్దేశించినదో తెలుస్తుంది. కొలత పొరపాటుగా అర్థం చేసుకున్న తూటా ప్రమాదానికి దారితీయగలదు కనుక, ఇక్కడ ఊహతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

మొదట గుర్తుంచుకోవలసిన సంగతి, అచ్చు ఒకే వస్తువు కాదన్నది. దిమ్మల జంట, పిడుల జంట, నెత్తిన ఉండే పలక అనే మూడు భాగాలు మూడు కంపెనీల నుంచి వచ్చి ఒకచోట చేరి ఉండవచ్చు. ఈ పలకను స్ప్రూ ప్లేట్ అంటారు. దాని మధ్య రంధ్రంలోంచి సీసం పోస్తారు, సీసం గడ్డకట్టాక పలకను పక్కకు తడితే పైన మిగిలిన ముక్క తెగిపోతుంది. లైమన్ అనే కంపెనీ ఒక గూడు, రెండు గూళ్ల దిమ్మలూ ఆర్‌సీబీఎస్ అనే ఇంకో కంపెనీ దిమ్మలూ దాదాపు ఒకే రకం పిడికి అమరుతాయి కాబట్టి, ఒకే జత పిడులతో పది జతల దిమ్మలు వాడుకోవడం మామూలు. నాలుగు గూళ్ల దిమ్మలకు ఇంతకంటే పెద్ద పిడులు కావాలి. అందువల్ల పిడి మీద కనిపించే పేరు ఆ పిడి గురించి మాత్రమే సాక్ష్యం చెబుతుంది. అమ్మకపు వివరణల్లో జరిగే పొరపాట్లలో పెద్దది ఇదే. అమ్మేవారు పిడి మీద పేరు చూసి మొత్తం అచ్చుకు ఆ పేరే పెట్టేస్తారు, కొనేవారు అదే నమ్ముతారు.

దీనికి తోడు ఇంకొక రకం గుర్తులు ఉంటాయి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద, ఇత్తడి బిందెల మీద చెక్కించిన పేరు గిన్నె చేసినవాడిది కాదు, ఇంటివాళ్లదో, పెళ్లికి కానుక ఇచ్చినవాళ్లదో అవుతుంది. పాత అచ్చుల మీద చేతి పంచుతో కొట్టిన రెండు మూడు అక్షరాలు కూడా ఎక్కువగా అటువంటివే. అక్షరాలు ఒక వరుసలో నిలవకుండా, ఒకటి లోతుగా మరొకటి తేలికగా దిగి ఉంటే అది యజమాని గుర్తు అనుకోవచ్చు. ఫ్యాక్టరీ ముద్ర మామూలుగా వరుస తప్పదు.

ముద్రలు చదవడానికి ముందు దిమ్మను శుభ్రం చేయాలి, అయితే ఇనుప తీగల బ్రష్షు మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. అది తుప్పుతో పాటు తేలికగా కొట్టిన అంకెలను, గూటి అంచులను, దిమ్మల లోపలి ముఖాల మీద గాలి బయటకు పోవడానికి గీసిన సన్నని గీతలను కూడా అరగదీస్తుంది. ఆ గీతలు పోతే అచ్చు పనికిరాకుండా పోవడమే గాక, గుర్తింపుకు ఉన్న ఒక ఆధారమూ పోతుంది. పలుచని నూనె రాసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, మెత్తని గుడ్డతోనో పాత పళ్ల బ్రష్షుతోనో తుడవడం చాలు. ఆ తర్వాత చీకటి గదిలో టార్చిలైటును దిమ్మకు దాదాపు సమాంతరంగా పట్టి చూస్తే, ఎదుటి వెలుతురులో కనిపించని అంకెలు నీడలుగా లేస్తాయి. ఇంకా సందేహం ఉంటే సుద్దపొడి రుద్ది పైపైన తుడిస్తే గుంటల్లో పొడి నిలిచి అంకె తెల్లగా తేలుతుంది. వెతకవలసిన చోట్లు దిమ్మల బయటి పక్కలు, అడుగు, స్ప్రూ ప్లేట్ పైభాగం. పలకను పక్కకు తిప్పితే దాని కింద దాగిన దిమ్మ నెత్తి కూడా చూడాలి. పాత సీసపు మరకలు, మసి ఉన్న వస్తువు కాబట్టి, చూడటం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి.

అమెరికా పాత సామాన్లలో దొరికే ఇనుప అచ్చుల్లో పెద్ద భాగం ఒకే వంశానికి చెందుతుంది. జాన్ బార్లో 1884లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఐడియల్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీని స్థాపించాడు. పేలిపోయిన తూటాల మందు గొట్టాలను మళ్లీ నింపుకునే పనిముట్లు, సీసం పోసుకునే అచ్చులు ఆ కంపెనీ సరుకు. 1910లో బార్లో దాన్ని మార్లిన్ తుపాకుల కంపెనీకి అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అది ఫినియస్ టాల్కాట్ చేతికి వెళ్లి, 1925లో మిడిల్‌ఫీల్డ్‌లోని లైమన్ కంపెనీకి చేరింది. లైమన్ కొన్న తర్వాత కూడా ఐడియల్ అన్న పేరును చాలాకాలం వాడుకుంది. కాబట్టి ఐడియల్ అన్న మాట ఒక్కటి చూసి అచ్చు బార్లో కాలానిదని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. పక్కన న్యూ హేవెన్ అని ఉంటే అది లైమన్ కొనుగోలుకు ముందరి సరుకుగా భావించడం సమంజసం. లైమన్ పేరో, మిడిల్‌ఫీల్డ్ పేరో ఉంటే 1925 తర్వాతిదే.

ఈ వంశపు అచ్చులకు అసలైన గుర్తు పేరు కంటే అంకె. దిమ్మ పక్కన కొట్టిన ఆరంకెల సంఖ్యలో మొదటి మూడు అంకెలు తూటా వ్యాసాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాయి, చివరి మూడు ఆ ఆకారానికి ఇచ్చిన వరుస సంఖ్య. 358311 అంటే 0.358 అంగుళం, అంటే సుమారు 9.09 మిల్లీమీటర్ల వ్యాసం, 311వ ఆకారం. 457124 అంటే 0.457 అంగుళం, 124వ ఆకారం. ఇక్కడ కొత్తవాళ్లను తికమకపెట్టేది ఐదంకెల సంఖ్య. కొన్ని అచ్చుల మీద వరుస సంఖ్య ముందరి సున్నా ఉండదు కాబట్టి 311041వ ఆకారమే 31141గా కనిపిస్తుంది. అది తెలియనివాళ్లు దాన్ని ఇంకో కంపెనీ సరుకనో, ముద్ర చెరిగిపోయిందనో అనుకుంటారు. మొదటి మూడు అంకెలు విడదీసి, మిగిలిన రెంటి ముందు సున్నా పెట్టి చదివితే చిక్కు విడిపోతుంది.

ఈ పెద్ద సంఖ్యతో పాటు రెండు దిమ్మల మీదా ఒకేలా కొట్టిన చిన్న సంఖ్య కూడా కనిపించవచ్చు. అది కొలత కాదు, ఆకారం కాదు. రెండు దిమ్మలను కలిపి పట్టి గూడు తొలిచిన తర్వాత ఏ సగం ఏ సగానికి జతో తెలియడానికి వేసిన జంట గుర్తు అది. ఎడమ దిమ్మ మీద ఒక అంకె, కుడి దిమ్మ మీద ఇంకో అంకె ఉంటే ఎక్కడో రెండు అచ్చులు కలిసిపోయాయని అర్థం. అలాంటి జత మూసి వెలుతురుకు పట్టి చూస్తే గూటి అంచుల్లో మెట్టు కనిపిస్తుంది. దాని తయారీదారు ఎంత గొప్పవాడైనా ఆ అచ్చు ధర పలకదు.

అంకెల దగ్గరే ఇంకో సందేహం రావడం సహజం. 38 అని పిలిచే రివాల్వర్ తూటాకు 358 ఎందుకు, 44 అని పిలిచేదానికి 429 ఎందుకు అని. పాతకాలపు తూటాల్లో సీసం, మందు గొట్టం బయటి వ్యాసంతో సమానంగా ఉండేది, ఆ కొలతే పేరుగా నిలిచింది. తర్వాత సీసాన్ని ఆ మందు గొట్టం లోపలికి దిగేలా సన్నం చేశారు గానీ పేరు మార్చలేదు. అందుకే అచ్చు మీద అంకెను తుపాకీ పేరుతో నేరుగా పోల్చి, కుదరలేదని అనుమానపడనక్కర్లేదు.

మిగతా తయారీదారులు ఒక్కొక్కరు ఒక్కో తీరున గుర్తు వేశారు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ ఇనుప దిమ్మల మీద కొలత, బరువు, ఆకారం అన్న వరుస ఉంటుంది. 45-201-ఎస్‌డబ్ల్యూసీ అంటే 45 కొలత, 201 గ్రెయిన్ల బరువు, భుజం తీర్చిన చదును ముక్కు ఆకారం. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు కాబట్టి అది సుమారు 13 గ్రాముల తూటా. విస్కాన్సిన్‌లోని లీ ప్రెసిషన్ అచ్చులను గుర్తించడానికి ముద్ర కూడా అక్కర్లేదు. దిమ్మలు అల్యూమినియంవి, చేతిలోకి తీసుకోగానే తేలిక తెలుస్తుంది. రెండు గూళ్ల లీ అచ్చుకు కర్ర పిడులు మామూలుగా విడిగా కాక దిమ్మలతో కలిపే వస్తాయి. దాని మీద సీ309-170-ఎఫ్ అని ఉంటే మొదటి అక్షరం, తూటా అడుగున రాగి టోపీ బిగించడానికి మెట్టు తీశారన్న సూచన. టీఎల్ అన్న అక్షరాలుంటే, తూటాకు కందెనగా కొవ్వు పట్టించడానికి లోతైన గాడులకు బదులు సన్నని గీతలు వరుసగా ఉంటాయి. శాన్ డియాగోలో మొదలై తర్వాత ఆరెగాన్‌కు మారిన హెన్స్‌లీ అండ్ గిబ్స్ సంస్థ ఇనుప దిమ్మల మీద ఆకారం సంఖ్య ఒక్కటే కొట్టేది, అందులో కొలత ఉండదు. ఇప్పుడు రెడ్డింగ్ కంపెనీ పేరుతో వస్తున్న శాకో అచ్చులకు మూడంకెల సంఖ్య ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీని దగ్గర కొంచెం ఆగడం మంచిది. ఆకారం పేరు తయారీదారు పేరు కాదు. 45 పిస్తోలు పందేల్లో హెన్స్‌లీ అండ్ గిబ్స్ 68వ నంబరు తూటా ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ తీరును పోలిన తూటాను ఎవరు చేసినా దాన్ని అరవై ఎనిమిదో నంబరు అనే పిలవడం వాడుకైపోయింది. శాకో 068 అదే తీరులోది, లీ కంపెనీ కూడా 200 గ్రెయిన్ల అటువంటి అచ్చు చేసింది. పాత యజమాని డబ్బాలో పెట్టిన చీటీ మీద హెచ్ అండ్ జీ 68 అని రాసి ఉన్నంత మాత్రాన దిమ్మ ఆ సంస్థది అయిపోదు. ఆ చీటీ ఆకారాన్ని చెబుతోందని, దిమ్మ మీద ముద్ర మాత్రమే ఇంటిపేరు చెబుతుందని విడదీసి చూడాలి.

ఒకే కంపెనీ, ఒకే సంఖ్య అయినా కాలాన్ని బట్టి గూడు మారిన సందర్భాలు ఉన్నాయి. అన్నిటికంటే ప్రసిద్ధమైనది 429421. ఇడాహోలో పశువుల పెంపకం చేస్తూ తుపాకుల మీద రాసిన ఎల్మర్ కీత్ 1920ల చివర 44 స్పెషల్ రివాల్వర్ కోసం ఈ ఆకారాన్ని రూపొందించాడు. బరువు 250 గ్రెయిన్లకు అటు ఇటు, అంటే సుమారు 16 గ్రాములు. ఆయన కోరినది, తుపాకీ గొట్టాన్ని పట్టుకునే మూడు పట్టీలు సమాన వెడల్పుతో ఉండాలని, వాటి మధ్య కొవ్వు గాడి మూలలు నిటారుగా, అడుగు చదునుగా ఉండాలని. తర్వాతి కాలంలో లైమన్ ఇచ్చిన అచ్చుల్లో ఆ గాడి గుండ్రంగా మారింది, ముందు పట్టీ సన్నబడింది. సంఖ్య మాత్రం అదే. తెరిచిన దిమ్మలో గాడి ఉన్న చోట దీపం ఏటవాలుగా పడేలా పట్టుకుంటే తేడా కళ్లకు కడుతుంది. చదరపు గాడి అడుగున నీడ గీతలా తెగి నిలుస్తుంది, గుండ్రని గాడిలో నీడ మెల్లగా పలచబడుతుంది. కీత్ అచ్చు కోసం డబ్బు పెట్టేవారు సంఖ్యను కాక ఈ నీడను చూసి కొనాలి. అమ్మకపు ఫొటోల్లో దిమ్మ మూసి ఉంటే, తెరిచిన ఫొటో అడగడం కొనేవారి హక్కు.

ముద్ర పూర్తిగా చెరిగిపోయినప్పుడు కొలత ఒక్కటే దారి. గూటిలో నేరుగా కాలిపర్ పెట్టి కొలవడం నమ్మదగినది కాదు, అంచు అరిగే భయమూ ఉంది. ఆకారం తెలుసుకోవడానికి మైనం పోసి తీసిన ముద్ర సరిపోతుంది. మైనం చల్లారేటప్పుడు బాగా ముడుచుకుంటుంది కనుక వ్యాసానికి దాన్ని నమ్మకూడదు. వ్యాసం కావాలంటే ఆ పనిలో అనుభవం ఉన్నవారు సీసంతో పోసిన తూటాను మైక్రోమీటరుతో కొలవాలి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఆ పనికి గాలి ఆడే చోటు, చేతి తొడుగులు, కంటి అద్దాలు కావాలి, చెమ్మ సోకకూడదు.

పోసిన లోహం ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. శుద్ధ సీసం గడ్డకట్టాక ఎక్కువగా ముడుచుకుంటుంది, ఆంటిమొనీ కలిసిన మిశ్రమం తక్కువగా ముడుచుకుని కాస్త పెద్ద తూటా ఇస్తుంది. ఒకప్పుడు తెలుగు ప్రెస్సుల్లో చేత్తో కూర్చిన అక్షరాలు సీసం, తగరం, ఆంటిమొనీల కలయికే. అమెరికాలో తూటాలు పోసేవాళ్లు ఇష్టంగా ఏరుకున్న, లైనోటైప్ అనే ముద్రణ యంత్రపు లోహంలో సుమారుగా 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరం ఉంటాయి. లైమన్ రెండో నంబరు మిశ్రమం 90 పాళ్ల సీసం, ఐదేసి పాళ్ల తగరం, ఆంటిమొనీ. కాబట్టి 358 అని ముద్ర ఉన్న అచ్చు 357 ఇచ్చినా 359 ఇచ్చినా ఆశ్చర్యపోవలసింది లేదు, బరువులోనూ కొన్ని గ్రెయిన్ల తేడా సహజం. అయితే 311 ముద్ర ఉన్న దిమ్మ 316 ఇస్తోందంటే కథ వేరు. ఎవరో ఒకరు తమ తుపాకీ గొట్టం అరిగిందని గూటిని రాపిడి పొడితో పెద్దది చేసి ఉంటారు. అప్పుడు ముద్ర నిజమే, తయారీదారు నిజమే, కొలత మాత్రం ముద్ర చెప్పినది కాదు.

ఇంకా వెనుకటి కాలపు అచ్చుల దగ్గర ఆరంకెల సంఖ్యలు ఉండవు. పిడులు, దిమ్మలు విడదీయరాకుండా ఒకటిగా ఉన్న ఐడియల్ అచ్చులు ఆ కంపెనీ తొలి సరుకు. వించెస్టర్ తుపాకుల కంపెనీ అచ్చుల మీద కంపెనీ పేరుతో పాటు 38 డబ్ల్యూసీఎఫ్ వంటి తూటా పేరు ఉంటుంది. మందు, గుండు విడివిడిగా కూరే కోల్ట్ రివాల్వర్ల అచ్చులో రెండు గూళ్లు ఉంటాయి, ఒకటి గుండ్రని గుండుకు, ఒకటి కోసు తూటాకు. కోల్ట్స్ పేటెంట్ అన్న ముద్ర దాని తుంపే పలక మీద వెతకాలి. ఇవి విలువైనవి కాబట్టి అనుకరణలూ ఎక్కువే. గత శతాబ్దం ద్వితీయార్ధంలో ఇటలీలో పాత రివాల్వర్ల నకళ్లు పెద్ద ఎత్తున తయారై, వాటితో పాటు ఇత్తడి అచ్చులూ వచ్చాయి. యాభై ఏళ్లు అల్మరాలో ఉంటే ఇత్తడి నల్లబడుతుంది, నల్లబడినంత మాత్రాన అది అమెరికా అంతర్యుద్ధ కాలపుది కాదు. మర తల గాడి యంత్రం కోసినంత నున్నగా ఉందా, గూటి లోపల కొత్త పనిముట్టు తిరిగిన గీతలు ఉన్నాయా అన్నవి రంగు కంటే నిజాయితీగా మాట్లాడతాయి.

ఏ ముద్రా లేని అచ్చుకు బలవంతంగా ఒక పేరు అంటగట్టడం కంటే తయారీదారు తెలియదని రాయడమే సరైన పని. వీటిలో చాలా వరకు ఏ మెషిన్ షాపులోనో తీరిక వేళ లేత్ మీద తొలిచినవి అయి ఉంటాయి. పనితనం బాగుంటే అది బాగుందని చెప్పడానికి పేరు అవసరం లేదు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అక్కడ పెరటి అమ్మకాల్లో ఈ వస్తువు బల్ల మీద బహిరంగంగా పడి ఉంటుంది. భారత ఆయుధ చట్టం, 1959లో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం మాత్రం మందుగుండు తయారు చేసే యంత్రసామగ్రిని కూడా కలుపుకుంటుంది. పాత ఇనుప పనిముట్టే కదా అని సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగితే, అది ఎవరు చేసిన అచ్చన్న ప్రశ్న కంటే ముందు వేరే ప్రశ్నలు ఎదురవుతాయి. దాన్ని అక్కడే ఉంచడం మేలు.

తేలిన సంగతులను ఒక చిన్న చీటీ మీద రాసి దిమ్మలతో పాటే పెట్టాలి. దిమ్మ మీద ఉన్న ముద్ర ఉన్నది ఉన్నట్టు, జంట సంఖ్య, కొలిచిన వ్యాసం, ఏ లోహంతో పోసి కొలిచారన్నది, పిడి ఎవరిది, పలక ఎవరిది అన్నవి విడివిడిగా రాయాలి. కంటికి కనిపించినది ఒక వరుసలోనూ, దాన్నిబట్టి ఊహించినది వేరే వరుసలోనూ ఉండాలి. చీటీని పిడికి కట్టకూడదు, దిమ్మలున్న డబ్బాలో వేయాలి, ఎందుకంటే వచ్చే నెలలో ఆ పిడి ఇంకో దిమ్మకు చేరుతుంది.